మందు కొట్టే మనిషి

నాగులవరం,
5-8-2001.

అమ్మాయ్ సంతోషం,

మీ అమ్మ నీకు సంతోషకుమారి అని పేరు పెట్టిననాడే, ఇంత పొడుగు పేరు పిలవడం పూర్తయ్యేలోపు పిల్ల వీధి దాటిపోతుందే అన్నాను. నా మాట ఎవరు విన్నారు గనక. అందుకే నా మటుకు నేను కుమారిని కోసేసి పిలుస్తున్నాను. ఫోను చెయ్యొచ్చు కదా మామయ్యా అంటావు. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ కోటిలింగం ఎరువుల కొట్లో ఉంది. అక్కడ మాట్లాడితే బస్తాల మీద కూర్చున్నవాళ్ళంతా మన కబుర్లకు తలకాయలు ఊపుతారు. ఉత్తరమైతే మనిద్దరి మధ్యే ఉంటుంది, పోస్టుమాస్టరు చదివితే తప్ప.

పురుగుమందులు ఒంటికి తగలకుండా ఎలా కొట్టాలో నువ్వు వచ్చి మన బడి వరండాలో పాఠాలు చెప్పి వెళ్ళావు. మేనకోడలు పాఠం చెబుతుంటే మేనమామ ముందు వరసలో కూర్చోవడం ఎంత ఇబ్బందో నీకు తెలియదు. కునుకు తీయడానికి లేదు. నీ మొదటి పాఠం నాకు బాగా తలకెక్కింది. "దాన్ని మందు అనకండి. మందంటే జబ్బు తగ్గించేది. మందు అంటున్నారు గనకే చేత్తో కలుపుతున్నారు. ఈరోజు నుంచి విషం అనండి" అన్నావు. నీ మామయ్యను గదా, నేను ముందు నడవకపోతే ఊరేం నడుస్తుంది అనుకున్నాను.

నువ్వు బస్సెక్కిన మర్నాడే పత్తిలో పచ్చపురుగు కనపడింది. కోటిలింగం కొట్టుకు వెళ్ళి, "ఒక లీటరు విషం ఇవ్వరా" అన్నాను.

వాడు త్రాసు పక్కన పెట్టాడు. "ఎందుకు బావా?" అన్నాడు మెల్లగా.

"ఎందుకేంట్రా, కావాలి."

"అక్కతో ఏమన్నా మాటా మాటా అనుకున్నారా?"

"పెళ్ళయిన కాడి నుంచీ అనుకుంటూనే ఉన్నాం. దానికీ దీనికీ ఏంటి?"

వెనకాల అలమర నిండా సీసాలు పెట్టుకుని సరుకు అయిపోయిందన్నాడు. షట్టరు లాగాడు. నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని తెచ్చి, కోడిపిల్లను అప్పగించినట్టు మీ అత్తయ్యకు అప్పగించాడు. "అక్కా, బావను ఒంటరిగా వదలమాక" అని ఆమె చెవిలో చెప్పాడు. సాయంత్రానికి మన ఇల్లు పరామర్శ ఇల్లయిపోయింది. బుడాన్ తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి, "పత్తి పోతే పోయిందిలే యలమందా, మనిషుంటే చాలు" అని ఏడ్చాడు. పత్తి బాగానే ఉంది తాతా అంటే, "అలాగే అంటారు నాయనా, అందరూ అలాగే అంటారు" అన్నాడు. మీ అత్తయ్య రాజ్యం బావి తాడు దాచేసింది. మంచం నవారు కూడా విప్పబోతుంటే నేనే అడ్డం పడ్డాను, పడుకోవాలి గదా.

నవ్వుతూనే రాస్తున్నాను. కానీ పత్తి పోయిన ఏడు మన ఊళ్ళో ఇద్దరు అలా కొనుక్కుపోయి తాగినవాళ్ళే. అమ్మింది కోటిలింగమే. అప్పటి నుంచీ వాడికి భయం. ఆ ఇద్దరూ మందే అడిగారు పాపం. అందుకే ఇచ్చాడు.

కాబట్టి మనిద్దరం ఒక ఒప్పందానికి వద్దాం. కొట్లో మాత్రం మందు అంటాను. నీకు రాసే ఉత్తరాల్లో విషం అనే రాస్తాను. నీ పాఠం నీకైనా దక్కాలి గదా.

కూలికి వీపున పిచికారీ పంపు మోసే మన జాన్ బాషా నీ పరీక్షలో మొదట వచ్చాడు గదా. ఆ సర్టిఫికెట్టుకు పేట టౌనుకు వెళ్ళి పటం కట్టించాడు. వాడి పెళ్ళి ఫొటోకు కూడా పటం లేదు.

బావి తాడు ఇంకా దొరకని,
మీ మామయ్య యలమందయ్య.


బ్రాడీపేట, గుంటూరు,
13-8-2001.

మామయ్యకు, అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివితే అందరూ పడి పడి నవ్వారు. తర్వాత ఆ ఇద్దరి సంగతి వచ్చేసరికి నేనే ఆపేశాను.

మీరిచ్చిన మాట నిలబెట్టుకోవాలి. మేమిక్కడ కాగితాల్లో పిచికారీ అంటాం, విషం అంటాం. మందు అనే మాట మా నోటివెంట రాదు. నా వరకు దానికి ఇంకో కారణం కూడా ఉందేమో. నాన్న సంగతి మీకు తెలుసు. మా ఇంట్లో మందు అంటే ఒకటే అర్థం. ఖాళీ సీసా చప్పుడైతే మంగళగిరిలో అమ్మ ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

జాన్ బాషా గారు ఒక ప్రశ్న అడిగారు, మీకు గుర్తుందా? "గాలికి ఎదురు కొట్టొద్దన్నారు, సరేనమ్మా. చేను మధ్యలో ఉండగా గాలి తిరిగితే?" పని ఆపి బయటికి రండి అన్నాను. "ఆసామి గట్టుమీదే నిలబడి ఉంటాడమ్మా" అని నవ్వారు. అంత శ్రద్ధగా విన్న మనిషి నాకు ఇంకొకరు కనపడలేదు. ఆయన ఫొటోతో మా వాళ్ళు పోస్టరు వేస్తున్నారు.

డిసెంబరులో సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళందరికీ గుంటూరులో రక్తపరీక్ష చేయిస్తాం. విషం ఒంట్లోకి ఎంత చేరిందో దాంట్లో తెలుస్తుంది. ఎక్కువుంటే కొన్నాళ్ళు పంపు ముట్టుకోనివ్వం. ఆయన్ను మీరే వెంటబెట్టుకు రండి.

అత్తయ్యకు చెప్పండి, తాడు ఇచ్చెయ్యమని.

సంతోషం (కుమారి మీ దగ్గరే ఉంది).


నాగులవరం,
14-10-2001.

పోస్టర్ల వాళ్ళమ్మాయికి,

మీ పోస్టరు కోటిలింగం కొట్టు తలుపుకు అంటించారు. జాన్ బాషా ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు. వాడి కూతురు నజ్మీన్ అది చూసి, "ఈ మామ ఎవరు?" అందట. కన్నకూతురు గుర్తుపట్టని ఫొటో తీసిన ఘనత మీ ఆఫీసుది.

ఆ తొడుగుల సంగతి కూడా చెప్పాలి. మన ఎండల్లో అవి వేసుకుంటే లోపల చెయ్యి ఉడికిపోతుంది. ఒకాయన వాటితో తేనెపట్టు తీశాడు. ముక్కుగుడ్డలో మీ అత్తయ్య కాఫీ వడకట్టింది, బాగానే దిగింది. బాషా ఒక్కడే కొన్నాళ్ళు వేసుకున్నాడు. ఇప్పుడు వాడు కూడా జేబులో పెట్టుకుంటున్నాడు. "ముక్కుకు కడితే ఊపిరాడటంలా బాబాయ్, విప్పితే కంపు ఆడుతోంది" అంటాడు.

ఇప్పుడు వాడి పేరు సర్టిఫికెట్ బాషా. మునుపు ఎవరి చేలో వాళ్ళే తంటాలు పడేవాళ్ళు. ఇప్పుడు ఊరంతా వాడినే పిలుస్తోంది. ఎందుకంటే, "వాడు నేర్చుకున్నాడు, వాడికి ఎక్కదు" అంటున్నారు. ఆ పటం తాయెత్తు అనుకుంటున్నారు అమ్మాయ్. నువ్విచ్చింది జాగ్రత్త. వీళ్ళు తీసుకున్నది అభయం. పొద్దున ఒకరి పత్తి, మధ్యాహ్నం ఒకరి మిరప. వాడి పెళ్ళాం ఖాజాబీ నా దగ్గరికొచ్చి, "ఆ కాగితం లేనప్పుడే నయం మామా, ఒకపూటన్నా ఇంట్లో ఉండేవాడు" అని వాపోయింది. నేనేమో పెద్దమనిషిలా సర్దిచెప్పాను. మర్నాడు పొద్దున్నే మా చేనుకు రమ్మని నేనే వాడికి కబురు చేశాను.

మిరప ఆకులకు పై ముడత మొదలైంది. ఇంక వారానికో విషం. చూశావా, విషం అనే రాశాను.

కాఫీ చల్లారిపోతోంది,
మామయ్య.


నాగులవరం,
24-11-2001.

సంతోషం,

కార్డు ముక్క, చోటు తక్కువ. పోస్టతను సైకిలు దిగకుండా గంట కొడుతున్నాడు. రెండు ముక్కలు.

మీ బాషా సంగతి వింటే నవ్వుతావు. ఈమధ్య రోజూ మందు కొట్టి సాయంత్రానికి తూలుకుంటూ వస్తున్నాడు. మొన్న మన అరుగు మీద కూలబడి, "బాబాయ్, నువ్వు ఇద్దరు కనపడుతున్నావు" అన్నాడు. ఒక యలమందయ్యతోనే ఈ ఊరు వేగలేకపోతోంది, ఇద్దరెందుకురా అన్నాను. వాంతి చేసుకున్నాడు. పొద్దుగూకాక మీ అత్తయ్య నిమ్మకాయ పిండిన మజ్జిగ తాగించి ఇంటికి పంపింది. ఖాజాబీ తిట్టిన తిట్లకు వీధి కుక్కలు లేచిపోయాయి.

రక్తపరీక్ష ఏ రోజో రాయి.

మామయ్య.


అద్దంకి,
30-11-2001.

మామయ్యకు,

పని మీద ఇటు తిరుగుతున్నాను. మీ కార్డు ఇక్కడికి పంపించారు. నేను నవ్వలేదు. మీరు నవ్వుతూ ఎలా రాశారో నాకు అర్థం కాలేదు.

జాన్ బాషా గారి మీద నాకు చాలా గౌరవం ఉండేది. మందు కొట్టే మనిషికి మా దగ్గర చోటు లేదు. అది ఆఫీసు నిబంధన కాదు, నాది. ఆ పోస్టరు తీసేయమని రాశాను. రక్తపరీక్షకు ఆయన పేరు తీసేసి ఇంకొకరి పేరు ఇచ్చాను. మీరు ఆయన్ను తీసుకురావద్దు. సర్టిఫికెట్టు మీరు తీసుకుని దాచండి. మందు కొట్టడం పూర్తిగా మానేశాడని మీరు రాసిన రోజున తిరిగి ఇద్దాం. పరీక్ష సంగతి కూడా అప్పుడే.

పాపం ఆ ఖాజాబీ. ఆవిడ తిట్లలో మీకు నవ్వు వినపడింది. నాకు మా అమ్మ వినపడింది.

సంతోషకుమారి.


నాగులవరం,
9-12-2001.

అమ్మాయికి,

పూర్తి పేరుతో సంతకం పెట్టావంటే కోపం వచ్చిందన్నమాట. ఎందుకు వచ్చిందో తెలియలేదు గానీ నువ్వన్నది సబబే. బాషాను పిలిచి, "ఇక మందు కొట్టడం మానెయ్యరా, అమ్మాయి గట్టిగా రాసింది" అన్నాను. నవ్వాడు. "ఈ ఒక్క కాపూ అయిందాకా కొట్టనీ బాబాయ్, ఆపైన ముట్టుకుంటే ఒట్టు" అన్నాడు. మానతానంటాడు, తెల్లారితే ఎవరో ఒకరు పిలుస్తారు, లేచి వెళ్తాడు. కాదనలేని మనిషి. నేను మాత్రం తక్కువా? ఆదివారం నేనే పిలిచాను. ఇద్దరం కలిసే కొట్టాం. నాకూ తల తిరిగింది, ఈ వయసులో నాకెందుకు చెప్పు.

పరీక్షకు తేవద్దన్నావు. షుగరు చూడాలంటే పరగడుపున రమ్మన్నట్టు, కొట్టడం మానాకే ఈ పరీక్ష చేస్తారు కాబోలు అనుకున్నాను. అదే వాడికి చెప్పాను.

సర్టిఫికెట్టు అడిగితే ఎందుకని అనలేదు. "అమ్మ అడిగిందా, అయితే ఇచ్చెయ్యి" అన్నాడు ఖాజాబీతో. ఆమె దించబోతే, "ఉండు" అని తనే దించి, అద్దం లుంగీ అంచుతో తుడిచి ఇచ్చాడు. గోడమీద పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలిపోయింది. అది చూడ్డానికి బాగోలేదు. మా బీరువాలో పెట్టాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. అద్దంకి నీళ్ళు నీకు పడవు.

మామయ్య.


అద్దంకి,
20-12-2001.

మామయ్యకు,

ఊళ్ళు తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. మీరు కూడానా మామయ్యా? ఆయన్ను మాన్పించమంటే మీరే పిలిచి, పక్కన కూర్చుని కలిసి మందు కొడతారా? అత్తయ్యకు తెలిసే జరుగుతోందా? నాన్నను ఆఖరిరోజు మోసుకొచ్చింది మీరే. ఆయన లివరు చూపించి డాక్టరు ఏమన్నాడో విన్నదీ మీరే.

మీరు జవాబు రాయకపోయినా సరే. అమ్మకు మాత్రం చెప్పను.

సంతోషకుమారి.


నాగులవరం,
27-12-2001.

తల్లీ,

జాన్ బాషా పోయాడు. సోమవారం కోటిలింగం మిరప చేలో కొడుతూ పంపుతో సహా సాళ్ళ మధ్య పడిపోయాడు. నేనూ కోటిలింగమూ ఆటోలో పేట ఆసుపత్రికి తీసుకుపోయాం. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి నురగ. డాక్టరు కుర్రాడు ఏమైందన్నాడు. నాకు నీ పాఠం గుర్తొచ్చింది. మందు అంటే ఏ మందు అనుకుంటాడోనని, "విషం డాక్టరుగారూ, విషం" అన్నాను. "ఎప్పుడు తాగాడు?" అన్నాడాయన. తాగలేదు, చేలో కొట్టాడు అని నేను చెప్పేలోపే నర్సు రాసేసింది. వైద్యం లోపం లేదు, సూదులు వేస్తూనే ఉన్నారు. పొద్దు వాలకముందే పోయాడు.

కాగితం మీద మాత్రం విషం తాగాడని ఉంది. ఊరికి అదే తెలిసింది. ఇంట్లో ఏం గొడవ, ఏమన్నావు అని శవం దగ్గరే ఖాజాబీని అడిగారు. చేతులారా చచ్చినవాడికి చదవొచ్చా అని మసీదు పెద్దలు నమాజుకు ముందు ఒక ఘడియ ఆగారు. ఆమె తలుపు వెనక నుంచే, "ఆయన తాగలా. మీ అందరి చేలల్లో మోసింది ఆయన్ను తాగింది" అంది. బుడాన్ తాత ముందుకొచ్చి నిలబడ్డాడు. నమాజు జరిగింది.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ నాన్న మాట చదివిందాకా నాకు వెలగలేదు. నేను కొట్టాడన్నది చేలో. నువ్వు విన్నది సీసాలో. విషం అనే రాస్తానని మాటిచ్చినవాణ్ణి, పోస్టతని గంటకు కంగారుపడి మందు అని రాశాను. నువ్వూ అదే మాట తిప్పి రాస్తే, పంపు మాన్పించమన్నావనుకున్నాను. ఇద్దరం ఒక మాట పట్టుకుని రెండు ఊళ్ళు తిరిగాం.

వాడు జన్మలో చుక్క ముట్టలేదమ్మా. నేను ఆ కార్డు రాసింది రంజాను నెలలో. రోజా పట్టి, పగలంతా మంచినీళ్ళు కూడా లేకుండా పంపు మోశాడు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే నీకు అర్థమయ్యేది. కార్డులో చోటు లేదనుకున్నాను. ఇద్దరు యలమందయ్యల జోకుకు మాత్రం చోటు దొరికింది.

మామయ్య.


బ్రాడీపేట,
4-1-2002.

మామయ్యా,

మీ ఉత్తరం ఆఫీసు మెట్లమీద చదివాను. లోపలికి వెళ్ళలేకపోయాను.

పరీక్ష జరిగింది. ఆయన చోట నేను పేరిచ్చిన మనిషి రక్తం బాగోలేదన్నారు. పంపు ముట్టుకోవద్దని పంపేశాం. ఆయన ఇప్పుడు ఇంట్లో క్షేమంగా ఉన్నాడు. ఇది మీకు ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

మందు కొట్టి అన్న ఒక్క మాట చూసి నేను మా నాన్నను చూశాను. జాన్ బాషా గారిని చూడలేదు. తూలడం, వాంతి, ఇద్దరు కనపడటం, అన్నీ నేను బోర్డు మీద రాసి మీ అందరితో చదివించినవే.

ఆసుపత్రికి వెళ్ళి ఆ కాగితం మార్పించడానికి నేను చెయ్యగలిగింది చేస్తాను. ఆదివారం వస్తున్నాను. ఖాజాబీ గారి ముందు నిలబడాలి. బీరువాలోది తీసి ఉంచండి.

సంతోషం.


పర్చూరు,
18-8-2002.

మామయ్యకు, అత్తయ్యకు,

చాలా నెలలైంది రాసి. ఆ ఆదివారం ఖాజాబీ గారు నాకు టీ ఇచ్చి, ఒక్క మాట కూడా అడగకుండా పటం తీసుకుని అదే మేకుకు తగిలించారు. తిడతారేమోనని వచ్చాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆసుపత్రి వాళ్ళు రాసింది రాసిందే అన్నారు. మూడుసార్లు తిరిగాను.

నిన్న ఇక్కడికి దగ్గర ఒక ఊళ్ళో ఈ ఏడు మొదటి తరగతి పెట్టాను. మందు అనకండి అన్న పాఠం చెప్పలేదు. బోర్డు మీద ఒక వాక్యం రాశాను: మందు కొట్టి పడిపోయాడు. దీనికి అర్థమేంటన్నాను. అందరూ నవ్వారు మామయ్యా. "ఎక్కువైతే పడిపోక ఏం చేస్తాడు మేడం" అన్నారొకరు. వెనక వరసలో ఒకతను లేచి తూలుతూ నడిచి చూపించాడు. వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగాను. తర్వాత జాన్ బాషా గారి సంగతి మొత్తం చెప్పాను. ఆయన పేరు ఎవరు కొట్టేశారో కూడా చెప్పాను.

ఒక పెద్దాయన, "ఆ ఇల్లాలు ఏమంటుందమ్మా ఇప్పుడు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అందరూ వెళ్ళాక, తూలి చూపించినతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పేరు అష్రఫ్. "నాక్కూడా ఒక్కోసారి రెండేసి కనపడుతున్నయ్ మేడం" అన్నాడు. ఈ ఉదయం గుంటూరు పంపాను.

మన ఊళ్ళో ఎవరు కొడుతున్నారు ఇప్పుడు?

సంతోషం.


నాగులవరం,
1-9-2002.

అమ్మాయ్,

ఎవరి చేలో వాళ్ళే కొట్టుకుంటున్నారు. ముక్కుగుడ్డ నేను కూడా కడుతున్నాను. మీ అత్తయ్య కాఫీకి వేరే గుడ్డ చూసుకుంది.

నీ ఉత్తరం ఖాజాబీకి చదివి వినిపించాను. నజ్మీన్ కూడా పక్కనే కూర్చుంది. అందరూ నవ్వారు అన్న చోట ఆగాను. "చదువు మామా" అంది ఖాజాబీ. చదివాను. తూలి చూపించిన దగ్గర మళ్ళీ ఆగాను. ఆమె చీర కొంగు మడతలు పెడుతూ, "అక్కడుంటే ఆయనా నవ్వేవాడే" అంది. ఆ ముక్క ఇంకోసారి చదవమంది. నిన్ను ఆ పెద్దాయన అడిగిన దానికి జవాబు ఇదే అనుకుంటాను. అష్రఫ్‌కు ఎలా ఉందో రాయమంది.

పత్తికి పచ్చపురుగు మళ్ళీ వచ్చింది. నిన్న కోటిలింగం కొట్టుకు వెళ్ళాను. తలుపు మీద మీ పోస్టరు చింపిన చోట జిగురు మరక ఇంకా ఉంది. "ఒక లీటరు విషం ఇవ్వరా" అన్నాను.

వాడు ఎందుకు బావా అనలేదు. అలమరలోంచి సీసా తీసి, పాత పేపర్లో చుట్టి, నా చేతికివ్వకుండా బల్లమీద పెట్టాడు.

మామయ్య.